జాముకొక గ్రంథము

నారాయణఖేడు పరిసర గ్రామములలో అఖండ హరినామ సప్తాహము జరుగుచుండగా, ఆ యేడు దినములలో ఏ గడియయందైనను అచ్చటి మండపమున కేగినవానికి, గడియారము చూచుకొనవలసిన యగత్యము లేకయే, చెవిని బడుచున్న గ్రంథమును బట్టి ప్రొద్దెంతయైనదో తెలిసిపోవును. కాకడ హారతి పదములు వినబడుచున్నచో ఇంకను చీకటి విడలేదనియు, వ్యాసపీఠముల ముందు వరుసలు తీరి కూర్చున్నవారు జ్ఞానేశ్వరి ఓవీలను ఒక్క గొంతుకతో చదువుచున్నచో ఎండ యింకను ముదరలేదనియు, తుకారాము గాథలోని అభంగములకు తాళములు మ్రోగుచున్నచో పగలు నడిమికి వచ్చినదనియు, నిలువబడి అడుగులు వేయుచు హరిపాఠము పాడుచున్నచో పశువులు ఇండ్లకు మరలు వేళ యైనదనియు, కీర్తనకారుడు ఒక్క అభంగమును చేపట్టి దానినే గంటలకొలది విప్పి చెప్పుచున్నచో ఊరివారి రాత్రి భోజనములు ముగిసినవనియు అర్థము. ఈ యేడు దినములును వీణ నేలకు దిగదు; ఒకరి భుజము నుండి మరియొకరి భుజమునకు, పహరా మారినప్పుడెల్ల, అది చేతులు మారుచుండును. జామును కొలుచు సాధనముగా వీణయు, జామును నింపు సాధనముగా గ్రంథమును ఇచ్చట ఒక్క కప్పు క్రింద కూడియున్నవి.

ఈ సీమ స్వభావము తెలిసినవారి కిందు వింత తోచదు. 1956 నవంబరు 1వ తేదీ వరకు నారాయణఖేడు హైదరాబాదు రాజ్యమునందలి బీదరు జిల్లాలో ఒక తాలూకా. రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణముతో అది ఆంధ్రప్రదేశమునకు వచ్చి మెదకు జిల్లాలో చేరెను. 2016లో సంగారెడ్డి జిల్లాకు మారినది. అధికార పటములు మారినను, రేగడి నేలమీద కందియు పత్తియు సాగుచేయు ఈ గ్రామములలో తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ భాషలు నాలుగును ఒకే సంతలో బేరమాడుచునే యున్నవి. తండాలలోని లంబాడీల గోరుబోలి అయిదవది. ఒక్కొక్క భాష తనతోపాటు ఒక్కొక్క గ్రంథమును, ఆ గ్రంథముతోపాటు దానిని చదువదగిన వేళను ఇచ్చటికి గొనివచ్చినది. పండరీపురపు విఠలభక్తులైన వారకరీలు తెచ్చినది సప్తాహపు దినచర్య. కల్యాణమునుండి వచ్చినది బసవాది శివశరణుల వచనసాహిత్యము; దానితోపాటు ఇచ్చట నిలిచినది బసవపురాణము. పాల్కురికి సోమనాథుడు జానపదులు సైతము పాడుకొనుటకు వీలుగా దేశి ఛందస్సైన ద్విపదలో తెలుగున రచించిన ఆ గ్రంథమును, 1369లో భీమకవి కన్నడమున వెలయించెను; కనుక శ్రావణమాసపు సాయంకాలమున ఈ సరిహద్దు గ్రామములలో బసవని చరిత్ర ఏ భాషలో వినిపించినను, దాని మూలములో తెలుగు నుడి యున్నదని మనము సంతోషింపవచ్చును.

ఏ పుస్తకము చదువవలెనని యడుగువారు మనలో పెక్కండ్రు. ఏ వేళ చదువవలెనని యడుగువారు అరుదు. మంచి పుస్తకమైనచో ఎప్పుడు చదివినను మంచిదే యని మనము నమ్మియున్నాము. అందుచేతనే, పగలంతయు లెక్కలతోను, ప్రయాణములతోను, పరుల మాటలతోను అలసిన మనస్సును రాత్రి పదిగంటలకు ఒక కఠిన గ్రంథము ముందు కూలవేసి, రెండు పుటలు దాటకమునుపే కన్నులు మూతపడగా, దోషము గ్రంథమునందున్నదనియో తనయందున్నదనియో నిశ్చయించుకొని ఆ పుస్తకమును మరల ముట్టనివారు ఎందరో కలరు. దోషము గ్రంథమునందును లేదు, పాఠకునియందును లేదు. వారిరువురిని కలిపిన వేళయందున్నది. ఈ వ్యాసమునందు నేను చెప్పదలచినది ఇంతియే: గ్రంథమును ఎన్నుకొనుట యనగా, ఆ గడియకు మనస్సు ఏ స్థితిలోనున్నదో గుర్తించి, ఆ స్థితికి తగినదానిని దాని చేతికందిచ్చుట. ఈ వివేకము మన పూర్వులకు పుష్కలముగా నుండెను, నారాయణఖేడువంటి చోట్ల నేటికిని సజీవముగా నున్నది.

సప్తాహపు క్రమమునే పరికింపుడు. వేకువజామున నిదుర మత్తు విడని కంఠమునకు ఇయ్యబడినది కొత్త పాఠము కాదు; చిన్ననాటినుండి నాలుక కలవాటైన పదము. చీకటిలో అక్షరము కనబడకున్నను అది పాడవచ్చును, పాడుచుండగనే మేలుకొనవచ్చును. మేలుకొనిన పిమ్మట, దేహము తేలికగాను బుద్ధి తేటగాను ఉండు పూర్వాహ్ణమున, ఆ దినచర్య యంతటిలోను అత్యంత దుష్కరమైన జ్ఞానేశ్వరి వచ్చును. 1290లో ముగిసినదని చెప్పబడు ఈ మహాగ్రంథము భగవద్గీత పదునెనిమిది అధ్యాయములకును మరాఠీ పద్యవ్యాఖ్య. ఏడు శతాబ్దముల నాటి భాష. ఉపమలమీద ఉపమలు పేర్చుకొనుచు పోవు నడక. దానిని మధ్యాహ్నమునకు వాయిదా వేసినచో సగము సభ కునుకుచుండును. ఆ సంగతి యెరిగినవారే మధ్యాహ్నమునకు తుకారామును ఉంచిరి: దుకాణము నడిపినవాడు, కరవును చూచినవాడు, దేవునితో తగవులాడినవాడు, ఆయన మాట తాళముతో కూడి వచ్చునప్పుడు ఎండకు సోలిన మనస్సు తనంతట తాను లేచి కూర్చుండును. సాయంకాలపు హరిపాఠము కాళ్లతో చదువదగిన గ్రంథము. పొలమునుండి వచ్చిన దేహము కూర్చుండినచో ఒరిగిపోవును గనుక దానిని నిలువబెట్టి, అడుగు వేయించి, పాడింతురు. ఇక రాత్రి కీర్తనలో శ్రోత చేయవలసిన పని వినుట యొక్కటే. చదువు భారమును, వ్యాఖ్యానభారమును మరియొకడు తలకెత్తుకొనును. పూర్వాహ్ణము మొదలుకొని ప్రొద్దు పెరిగిన కొలది గ్రంథము నుండి శ్రోతకు వచ్చు శ్రమ తగ్గుచుండును. ఈ యేర్పాటును చేసినవారు ఏ విద్యాలయమునందును బోధనశాస్త్రము అభ్యసించినవారు కారు. గ్రామముయొక్క అలసటను ఎరిగినవారు.

ద్యూతము, స్త్రీ, చోరుడు

సంస్కృతమున ఒక చమత్కార సుభాషితము ప్రసిద్ధము. ధీమంతులు ఉదయమున జూదపు ముచ్చటతోను, మధ్యాహ్నమున స్త్రీప్రసంగముతోను, రాత్రి దొంగ సంగతులతోను ప్రొద్దుపుచ్చుదురని దాని పైయర్థము. పండితులు పిల్లలచేత దీనిని వల్లెవేయించి, వారు నివ్వెరపోవుట చూచి, పిమ్మట గుట్టు విప్పుదురు: జూదమన మహాభారతము, స్త్రీ యన సీతాదేవి చరితమైన రామాయణము, దొంగ యన వెన్నదొంగయైన కృష్ణుని భాగవతము. విప్పిన తరువాత నవ్వి వదలివేయుట పరిపాటి. నాకు మాత్రము ఆ పొడుపుకథకన్న అందలి కాలవిభాగమే విలువైనదిగా తోచును.

భారతము ఉదయమునకేల? అందు ధర్మము ఎక్కడను సుఖముగా లభింపదు. సభలో ద్రౌపది యడిగిన ప్రశ్నకు భీష్ముడంతటివాడు నిశ్చయముగా ఉత్తరమీయలేకపోయెను; ఆ ప్రశ్నను ఎదుట నుంచుకొని ఆలోచించుటకు దినమందలి మొదటి బలము కావలెను. అదియునుగాక, దినమెల్ల లోకవ్యవహారములో దిగబోవువాడు, పణముగా దేనిని ఒడ్డవచ్చునో, దేనిని ఒడ్డరాదో ఎరిగి దిగుట మేలు. నన్నయ మొదలిడిన ఆంధ్ర మహాభారతమును ఒక్కొక్క ఆశ్వాసము చొప్పున చదువదలచినవారు ఉదయముననే చదువుదురుగాక యని నా విన్నపము. తిక్కన సంభాషణలలోని చురుకు రాత్రివేళ సగము జారిపోవును.

మధ్యాహ్నమున రామాయణమను మాటకు తెలుగునాట సాక్ష్యము పుస్తకములలోకన్న పెరటి అరుగులమీద ఎక్కువగా దొరకును. వంటయు వడ్డనయు ముగిసి, మగవారు బయటికేగిన పిదప, మరల సాయంకాలపు పనులు మీద పడకముందు దొరకు ఆ కొద్ది తీరికలో మన స్త్రీలు రామాయణపు పాటలు పాడుకొనెడివారు. ఊర్మిళాదేవి నిద్ర, లక్ష్మణదేవర నవ్వు, కుశలవుల కుచ్చెల కథ మొదలగునవి అట్టి మధ్యాహ్నపు వాఙ్మయము. వాల్మీకి యుద్ధకాండను విపులముగా వర్ణించెను. ఈ పాటలు పురుళ్లను, అలకలను, అత్తవారింటి నియమములను, పదునాలుగేండ్లు నిదురించిన యొక ఇల్లాలిని వర్ణించినవి. పనుల నడుమ చిక్కిన గడియలో పుట్టిన సాహిత్యము గనుక, ఒకరు అందుకొనగా మరియొకరు విడిచిపోవుటకు వీలుగా, దీర్ఘకథయయ్యు తునుకలుగానున్నది. వేళ కేవలము పాఠకుని ఎన్నికను నిర్ణయించుటయే కాదు, గ్రంథరూపమునే నిర్ణయించుననుటకు ఇంతకన్న చక్కని నిదర్శనము నేనెరుగను.

ఇక భాగవతము. శుకుడు పరీక్షిత్తునకు ఏడు దినములలో వినిపించిన పురాణమది. నేటి సప్తాహములన్నిటికిని ఆ యేడు దినములే ఆదర్శము. బమ్మెర పోతన పద్యములు చదువురాని వృద్ధులకు సైతము కంఠస్థములై యుండుట ఈ తెలంగాణమున ఇటీవలి వరకును సామాన్యముగా కనబడిన విషయము. దీపము తగ్గించిన పిదప పుస్తకముతో పనిలేక పద్యమును తలచుకొనవచ్చును. దొంగ కృష్ణుడు ఎక్కడ దాగెనో ఎట్లు దొరకునో తెలిసియే వినుదుము గనుక, తరువాత ఏమగునన్న ఆరాటము నిదురను చెరుపదు. రాత్రికి తెలిసిన పుస్తకమే తగినదని నా నిశ్చితాభిప్రాయము. కొత్త నవలను పడకచెంతకు తీసికొనిపోవువారు ఒకటి కథ ఆపలేక నిదురనైనను పోగొట్టుకొందురు, లేదా నిదురకోసము కథనైనను పోగొట్టుకొందురు.

చదువరాని వేళలు

మనవారు ఎప్పుడు చదువవలెనో చెప్పి యూరకుండలేదు. ఎప్పుడు చదువరాదో కూడ చెప్పిరి. వేదాధ్యయనమునకు అనధ్యాయ దినములు కలవు: అమావాస్య, పూర్ణిమ, అష్టమి, చతుర్దశులు. అకాలమున ఉరిమినను, ఊరిలో విపత్తు కలిగినను గ్రంథము కట్టివేయవలసినదే. ఆరణ్యకములను ఊరిలో కాక అరణ్యమున చదువవలెనను నియమముచేతనే వానికా పేరు వచ్చినది. గరుడపురాణము మృతికర్మల దినములలో తప్ప ఇంటిలో తెరువరు. అసురసంధ్యవేళ, దీపము పెట్టకమునుపు, పుస్తకము పట్టిన పిల్లలను పెద్దలు మందలింతురు. వీనిలో కొన్నిటికి నేడు మన మనస్సు సమ్మతింపకపోవచ్చును. చదువు ఎవరికి చెల్లును ఎవరికి చెల్లదన్న అన్యాయపు నిషేధములును ఈ నియమముల ప్రక్కనే పెరిగిన మాట దాచరానిది. వానిని త్రోసివేసిన పిదపకూడ ఒక్క సంగతి నిలుచును: పుస్తకమునకు శక్తి యున్నదని నమ్మినవారే దానికి వేళను నియమింతురు.

ఆ నమ్మకమునకు పరాకాష్ఠ విరాటపర్వము. వానలు ముఖము చాటువేసిన యేట తెలుగు గ్రామములలో విరాటపర్వము చదివించుట ఆచారము. సింగూరు జలాశయము ఈ సీమకు చేరువనే మంజీరను నిలిపియున్నను, ఎత్తుననున్న ఈ రేగడి పొలములు ఆకసమునే నమ్ముకొని బ్రతికిన నారాయణఖేడువంటి సీమలో ఆ ఆచారపు బరువు సులభముగా అర్థమగును. పాండవులు మారువేషముల నున్న ఆ కథకును మేఘమునకును ఏమి సంబంధమని శాస్త్రము అడుగవచ్చును. అయినను, విత్తనము దుక్కిలో నెండుచుండగా ఊరివారందరు ఒక్కచోట కూర్చుండి, అజ్ఞాతవాసము ఎంత కఠినమైనను దానికొక గడువు కలదని, ఆ గడువు తీరిన దినమున అర్జునుడు జమ్మిచెట్టుమీది గాండీవము నందుకొనునని, తిక్కన నోట వినుట నాకు ఏ విధముగను వ్యర్థముగ కనబడదు. ఇది గంటకు తగిన గ్రంథము కాదు, ఋతువునకు తగిన గ్రంథము. ఎన్నిక మాత్రము ఆ వివేకముననే పుట్టినది.

దినచర్యలో పఠనమునకు ఇంత నిశితమైన స్థానము నిచ్చినవారు శాస్త్రకారులలోను కలరు. కౌటిల్యుడు రాజకుమారునకు పూర్వాహ్ణమున గజాశ్వరథాయుధ విద్యలను, అపరాహ్ణమున ఇతిహాస శ్రవణమును విధించెను. మిగిలిన వేళ కొత్తదానిని గ్రహించుటకును పాతదానిని తిరుగవేయుటకును. కన్నోజు ఆస్థానమున వెలసిన రాజశేఖరుడు కావ్యమీమాంసలో కవియొక్క అహోరాత్రమును జాములుగా విభజించి చూపెను: మొదటి జామున విద్యల పఠనము, రెండవ జామున రచన, మధ్యాహ్నమునకు స్నానభోజనములు, ఆ పిదప కావ్యగోష్ఠి, నాలుగవ జామున ఉదయము వ్రాసినదానిని తానొక్కడుగా గాని కొలదిమందితో గాని పరీక్షించుట. రచనావేశమునకు విచక్షణ యుండదు గనుక రచించిన వేళనే పరీక్షింపరాదన్నది ఆయన అభిప్రాయము. చదువరికిని ఇది వర్తించును. ఉదయము మనలను ముగ్ధులను చేసిన పుటను సాయంకాలము మరల తెరచి చూచినచో, ఉదయపు ఉత్సాహము తొలగి, ఆ పుటయొక్క నిజమైన బరువు తెలియును.

నారాయణఖేడునకు బీదరు దూరమేమియు కాదు. 1472 ప్రాంతమున మహమ్మదు గవాను అచ్చట కట్టించిన మదరసాలో మూడువేల గ్రంథములుండెడివని చరిత్రకారులు వ్రాసిరి. విద్యార్థులును గురువులును ఆ భవనముననే నివసించుటచే, దినమునంతటిని చదువు చుట్టును అమర్చుకొను జీవితము వారికి సాధ్యమైనది. ఆ బీదరుననే సిక్కులకు పవిత్రమైన గురునానకు ఝిరా యున్నది. సిక్కుల నిత్యపారాయణముకన్న స్పష్టముగ వేళకు గ్రంథమును కట్టిన విధానము మరియొకటి కానరాదు: అమృతవేళ జపుజీ, సూర్యాస్తమయమున రహరాసు, నిదురకు ముందు సోహిలా. రంజాను మాసమున నారాయణఖేడు మసీదులలో ముప్పది పారాల ఖురాను రాత్రి నమాజులలో వరుసగా వినిపింపబడి మాసాంతమునకు పూర్తియగును. పగలు ఉపవాసముతో తేలికపడిన దేహము రాత్రి నిలిచి వినును. మతములు వేరు, లిపులు వేరు. కాని ప్రొద్దును ఎరుగని పఠనమును ఈ సీమలో ఎవరును ఆదరించినట్లు కానము.

రాత్రులతో కట్టిన పుస్తకములు

తెలుగున కొన్ని కావ్యములు వేళను తమ యొడలిలోనే ధరించియున్నవి. కదిరీపతి శుకసప్తతిలో చిలుక రాత్రికొక కథ చెప్పి యిల్లాలి ప్రయాణమును వారించును. అయ్యలరాజు నారాయణామాత్యుని హంసవింశతిలో ఇరువది రాత్రులకు ఇరువది కథలు చెప్పి హంస అదే పని చేయును. తెల్లవారువరకు వినుచు కూర్చుండుటయే ఆ కథల ప్రయోజనము. వినువారిని గడప దాటనీయకపోవుటే వాని కళ. మధిర సుబ్బన్న దీక్షితకవి కాశీమజిలీ కథలలో మణిసిద్ధుడు తనవెంట వచ్చు గోపకుమారునకు మజిలీకొక కథ చెప్పవలసియుండెను; నడకకు పగలు, కథకు విశ్రాంతి. రైలును బస్సును వచ్చి మజిలీలను మింగివేసినను, ప్రయాణమధ్యమున చదువుటకు ఆ పుస్తకము నేటికిని తగినదే.

ఇచ్చట ఒక ముచ్చట చెప్పవలసియున్నది. హంసవింశతిని రాత్రి శృంగారకథగా చదివినవారు కోకొల్లలు. సురవరము ప్రతాపరెడ్డి గారు దానినే పగటి వెలుగున తెరచి, అందలి వృత్తులను, ఆటలను, తిండ్లను, నగలను, పనిముట్లను, పలుకుబడులను ఏరి, ఒక జాతి ఎట్లు బ్రతికెనో చెప్పు సాక్ష్యముగా మలచుకొనిరి. క్రీడాభిరామమును గూడ, ఓరుగంటి వీథులలో ఇరువురు మిత్రులు ప్రొద్దున్నుండి రాత్రివరకు తిరిగిన విహారముగా కాక, కాకతీయనగరపు దినచర్యాపత్రముగా చదివిరి. ఆ పఠనఫలమే 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర. 1955లో తెలుగునకు తొలి కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారమును తెచ్చినది. నారాయణఖేడునకు చేరువనున్న జోగిపేటలో 1930లో జరిగిన మొదటి నిజాం రాష్ట్రాంధ్ర మహాసభకు అధ్యక్షత వహించినవారును ఆయనయే. ఒక్కటే పుస్తకము, దీపపు వెలుగున చదువగా వినోదము. సూర్యుని వెలుగున చదువగా చరిత్ర. వేళ మారగా గ్రంథమే మారినదనుటలో అతిశయోక్తి లేదు. కనుక ఒక మంచి పుస్తకమును చదివి ముగించితిమని అలమారలో పెట్టుటకు ముందు, దానిని మరియొక ప్రొద్దున చదివి చూడుడని నా మిత్రులకెల్ల చెప్పుచుందును.

ఎన్నికచేయు స్వాతంత్ర్యము ఉన్నవానికే యీ మాటలన్నియు. నారాయణఖేడు తండాలనుండియు పల్లెలనుండియు వేలకొలది కుటుంబములు ఏటేట చెరకు నరకుటకు చక్కెర కర్మాగారముల దిక్కునకు వలసపోవును. తెల్లవారకమునుపే కత్తి పట్టి, చీకటిపడిన తరువాత గుడిసెకు చేరువానికి ఏ జామున ఏ గ్రంథము? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పని పఠనచర్చ సగముచర్చ. సమాధానము మాత్రము లోకములో లేకపోలేదు. కన్నూరు ప్రాంతపు బీడీ కార్మికులలో ఒకరు అందరికిని వినబడునట్లు పత్రిక చదువుచుండగా, ఆతని వంతు బీడీలను తక్కినవారు చుట్టియిచ్చెడివారు. క్యూబాదేశపు చుట్టల కర్మాగారములలో 1865 నుండియు చదువరిని నియమించుకొను ఆచారము కలదు. ఉదయము వార్తలు, ఆ పిదప నవలలు. చేతులు పనిలోనున్నను చెవులు తీరికగానుండు గడియను ఆ కార్మికులు కనిపెట్టి దానికి పుస్తకమును అమర్చుకొనిరి. మన పత్తిచేలలో వరుసలు పట్టిన స్త్రీలు పాట నెన్నడును విడువలేదు; అదియు అట్టి కనిపెట్టుటయే. నేడు ప్రతి గుడిసెలోను ఫోను ఉన్నది. తెలుగు కథలను చక్కని కంఠముతో చదివి వినిపించు ధ్వనిపుస్తకములు ఆ ఫోనులోనికి చేరినచో, చెరకుతోటనుండి మరలిన రాత్రి, రొట్టె కాలుచుండగా, ఒక గుడిసెయంతయు ఒక కథను వినగలదు. చదువునకు కన్నులు వలయుననుట ఈ సీమలో ఎన్నడును పూర్తిగా నిజము కాలేదు.

కొంత తీరిక గలవారు నన్నడిగినచో నా యెన్నిక నిస్సంకోచముగా చెప్పుదును. మేలుకొనగనే ఫోను తెరచి లోకములోని కలహములన్నిటిని మనస్సులోనికి పిలుచుకొనుట దినమునకు చేయు ద్రోహము. వార్తాపత్రిక ఉదయపు రెండవ పని కావలెను, మొదటిది కారాదు. మొదటి పావుగంట ఒక్క పద్యమునకో, ఒక్క వచనమునకో, ఒక చిన్న కవితకో ఇయ్యదగును. దాశరథి అగ్నిధార తెరచినను సరే, కృష్ణశాస్త్రి కృష్ణపక్షము తెరచినను సరే. పూర్వాహ్ణము చరిత్రకును శాస్త్రమునకును తగినది. మధ్యాహ్నము, భోజనము చేయకున్నను మానవదేహము మందగించు స్వభావము కలదని నిద్రాశాస్త్రజ్ఞులు గుర్తించిన రెండు మూడు గంటల నడుమ, శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి కథవంటిది చదువుడు: మాటలాడు మనుష్యులు నిదుర పట్టనీయరు. సాయంకాలము ఒంటరి పఠనమునకు కాదు. 1947 జూలైలో మొదలైన చందమామ పాత సంచికల నుండి యొక కథను ఇంటిలోని పిల్లలకు పెద్దగా చదివి వినిపింపవలసిన వేళ యది. శవమును భుజమున వైచుకొని శ్మశానమున నడచు విక్రమార్కుని కథకు మునిచీకటికన్న తగిన వెలుగు లేదు. తాత చదువగా మనుమరాలు వినుట, మనుమరాలు చదువగా కంటిచూపు తగ్గిన తాత వినుట, రెండును ఆ గంటకే చెల్లును. రాత్రి సంగతి ముందే చెప్పితిని.

ఇంటిలో పుస్తకములు లేనివారి మాట యేమి? వారికున్నది గ్రంథాలయము. మన రాష్ట్రపు శాఖా గ్రంథాలయములు బహుళముగా ఉదయము 8 నుండి 11 వరకును, సాయంకాలము 4 నుండి 7 వరకును తెరచియుండును. ఆ వేళలను నిర్ణయించినవారు ఉద్యోగికిని విద్యార్థికిని ఎంత ఉపకారము చేసిరో, రైతుకూలీకి అంత దూరమైరి. ఉదయము 8కి కూలీ చేనిలోనుండును. సాయంకాలము 7కి ఇల్లు చేరును. అతడు ఇల్లు చేరునప్పటికి గ్రంథాలయపు తలుపునకు తాళము పడును. పోటీపరీక్షల పుస్తకములతో కుర్చీలు నిండియుండు పగటివేళలను అట్లేయుంచి, వారమునకు రెండు రాత్రులు ఎనిమిది మొదలు పది వరకు తలుపు తెరచి, బాగుగా చదువగల యొకరిని కూర్చుండబెట్టి, తెలుగున ఒకనాడు, కన్నడమునో మరాఠీయో ఉర్దూయో మరియొకనాడు, ఒక కథను పెద్దగా చదివించినచో చాలును. సప్తాహపు రాత్రి కీర్తనకు చలిలో దుప్పట్లు కప్పుకొని కూర్చుండు ఊరివారు దీనికి రారని ఎవరనగలరు? కావలసినది రెండు గంటల విద్యుత్తు, ఒక ఉద్యోగికి అదనపు వేతనము; 1960 నాటి గ్రంథాలయ చట్టము ననుసరించి ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్నును ఈ యూరివారు చెల్లించుచునే యున్నారు.